యూజీసీ లిస్టు పోయింది.. మరి రీసెర్చ్ పేపర్ ఎక్కడికి పంపాలి? డబ్బు కట్టే ముందు చూడాల్సినవి ఇవే

దొర్నిపాడు, నంద్యాల జిల్లా: పరిశోధన అయిపోయింది. పేపర్ రాశారు. గైడ్ చూసి ఓకే అన్నారు. ఇక దాన్ని ఏ జర్నల్‌కు పంపాలి? మొన్నటి దాకా దీనికి సులువైన సమాధానం ఒకటుండేది.. యూజీసీ-కేర్ లిస్టులో పేరుందో లేదో చూసుకోవడమే. 2025 ఫిబ్రవరిలో ఆ లిస్టుకు యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ స్వస్తి చెప్పింది. ఏది మంచి జర్నలో ఇకపై విశ్వవిద్యాలయాలు, పరిశోధకులే తేల్చుకోవాలని తేల్చేసింది.

వినడానికి ఇది ఢిల్లీ వ్యవహారంలా ఉంటుంది. కానీ దీని బరువు ఎక్కువగా పడేది ఆళ్లగడ్డ నియోజకవర్గంలోని దొర్నిపాడు లాంటి ఊళ్ల నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చినవాళ్ల మీదే. పెద్ద నగరాల్లోని కేంద్ర సంస్థల్లో చదివేవాళ్లకు పక్క ల్యాబ్‌లో సీనియర్ ఉంటాడు. "ఆ జర్నల్ జోలికి పోవద్దు" అని ఒక్క మాట చెప్తాడు. ఇంట్లో మొదటిసారి పీజీ చదివి, కర్నూలులోనో, కడపలోనో, అనంతపురంలోనో, తిరుపతిలోనో రీసెర్చ్‌లో చేరినవాళ్లలో చాలామందికి ఆ మాట చెప్పే మనిషి దొరకరు. దొరికేది ఈమెయిల్‌లో వచ్చే ఆహ్వానం, వాట్సాప్ గ్రూపులో తిరిగే ప్రకటన.

అసలు ఆ లిస్టు ఎందుకు పుట్టింది? ఎందుకు పోయింది? నకిలీ జర్నల్‌ను పట్టుకోవడం ఎలా?

లిస్టు కథ ఇదీ

ముందు ఒక చిన్న విషయం. జర్నల్ అంటే పరిశోధన వ్యాసాలు ప్రచురించే పత్రిక. మామూలు పత్రికకూ దానికీ తేడా ఒక్కటే.. పీర్ రివ్యూ. అంటే వ్యాసం అచ్చుకు ముందు అదే సబ్జెక్టు తెలిసిన ఇద్దరు ముగ్గురు నిపుణులు చదివి, తప్పులు ఎత్తిచూపాలి. సరిచేస్తేనే అచ్చు. ఈ తనిఖీ చేసినట్టు నటిస్తూ, చేయకుండానే ఫీజు తీసుకుని అచ్చేసే వాటినే ప్రిడేటరీ జర్నళ్లు అంటున్నారు. మన మాటలో నకిలీ జర్నళ్లు. ఈ పేరును 2010 ప్రాంతంలో వాడుకలోకి తెచ్చింది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం డెన్వర్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసిన జెఫ్రీ బీల్.

భారత్‌లో ఈ వ్యాపారం పెరగడానికి నిబంధనలు కూడా ఒక కారణం. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే ముందు కనీసం ఒక పేపర్ అచ్చవాలని 2016 నాటి యూజీసీ నిబంధనలు చెప్పాయి. అధ్యాపకుల ప్రమోషన్లకూ పేపర్లు కావాలి. 2018 నిబంధనల్లో సైన్స్, ఇంజినీరింగ్, వ్యవసాయ సబ్జెక్టుల్లో పేపర్‌కు 8 పాయింట్లు, భాషలు, సామాజిక శాస్త్రాల్లో 10 పాయింట్లు పెట్టారు. పేపర్ ఉంటే పాయింటు, పాయింటు ఉంటే ప్రమోషన్. గిరాకీ పెరిగింది. దుకాణాలూ పెరిగాయి.

దీన్ని అడ్డుకోవడానికే యూజీసీ 2017లో ఆమోదిత జర్నళ్ల జాబితా పెట్టింది. అందులో 30 వేలకు పైగా పేర్లు చేరాయి. విశ్వవిద్యాలయాలు సిఫారసు చేసినవి కూడా లోపలికి వచ్చేశాయి. ఆ విశ్వవిద్యాలయాల కోటాలో చేరి, ప్రముఖ ఇండెక్సుల్లో లేని జర్నళ్ల నుంచి కొన్నింటిని పుణె పరిశోధకులు పరిశీలించారు. 88 శాతానికి పైగా నాసిరకమేనని 2018లో 'కరెంట్ సైన్స్' పత్రికలో తేల్చారు. అదే ఏడాది మే నెలలో యూజీసీ ఒక్క దెబ్బకు 4,305 జర్నళ్లను జాబితా నుంచి తీసేసింది. అంటే అప్పటిదాకా అవన్నీ అధికారిక ముద్రతోనే నడిచాయన్నమాట. "లిస్టులో ఉంది కదా" అని నమ్మి పంపినవాళ్ల పరిస్థితి.. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది.

ఆ తర్వాత వచ్చిందే యూజీసీ-కేర్. 2018 నవంబర్‌లో ప్రకటించారు, 2019లో అమల్లోకి తెచ్చారు. తనిఖీ కట్టుదిట్టం చేశారు. నకిలీ జర్నళ్లలో వచ్చిన పేపర్లను నియామకాల్లో, ప్రమోషన్లలో లెక్కలోకి తీసుకోవద్దని 2019 జూన్‌లో నోటీసు కూడా ఇచ్చారు. అయితే ఈ లిస్టుకూ చిక్కులు వచ్చాయి. మంచి జర్నళ్లు చేరడానికి ఆలస్యం, భారతీయ భాషల జర్నళ్లకు సరైన చోటు దొరకకపోవడం, ఎందుకు చేర్చారో ఎందుకు తీసేశారో స్పష్టత లేకపోవడం.. ఇవీ వచ్చిన ఫిర్యాదులు. ఇంకో పక్క లిస్టులో ఉన్న అసలు జర్నల్ పేరుతోనే నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయి. చివరకు, నల్గొండ జిల్లాకు చెందిన మామిడాల జగదీశ్ కుమార్ యూజీసీ చైర్మన్‌గా ఉన్నప్పుడు, 2025 ఫిబ్రవరిలో లిస్టును ఎత్తేశారు. దాని బదులు జర్నల్ ఎంపికకు కొన్ని సూచనలు ఇచ్చి, వాటి ఆధారంగా ఎవరి పద్ధతి వాళ్లే పెట్టుకోవాలని విశ్వవిద్యాలయాలకు చెప్పారు.

హైదరాబాద్ అడ్రస్.. అమెరికా కోర్టు తీర్పు

నకిలీ జర్నళ్ల మీద ప్రపంచంలో బాగా చర్చ జరిగిన కోర్టు కేసు ఎక్కడిదో తెలుసా? మన హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థది.

గేదెల శ్రీనుబాబు స్థాపించిన ఈ సంస్థ వందల జర్నళ్లు నడిపింది, దేశదేశాల్లో సదస్సులు పెట్టింది. 2016 ఆగస్టులో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఓమిక్స్ మీద, దాని అనుబంధ సంస్థల మీద, శ్రీనుబాబు మీద నెవాడా ఫెడరల్ కోర్టులో కేసు వేసింది. ఆరోపణలు సూటిగా ఉన్నాయి. పీర్ రివ్యూ చేస్తామని చెప్పి సరిగా చేయడం లేదు. ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు ఎడిటోరియల్ బోర్డులో పెట్టారు. లేని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్నట్టు చూపించారు. ఫీజు సంగతి ముందు సరిగా చెప్పకుండా, పేపర్ ఓకే అయ్యాక బిల్లు పంపారు. వద్దు మొర్రో అని పేపర్ వెనక్కి ఇవ్వమన్నా ఇవ్వలేదు. సదస్సులకు రాని ప్రముఖుల పేర్లు వేసి టికెట్లు అమ్మారు.

సంస్థ ఈ ఆరోపణలను ఖండించింది. కానీ 2019 మార్చిలో న్యాయమూర్తి గ్లోరియా నవారో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వైపే తీర్పు ఇచ్చారు. 5 కోట్ల 1 లక్ష డాలర్లు, అంటే అప్పటి లెక్కన సుమారు రూ.350 కోట్లు కట్టాలని ఆదేశించారు. అచ్చయిన 69 వేలకు పైగా వ్యాసాల్లో ఏదో ఒక రకం రివ్యూ జరిగినట్టు ఆధారం కనిపించింది దాదాపు సగానికే. 2020లో అప్పీల్ కోర్టు కూడా ఈ తీర్పునే సమర్థించింది.

ఈ కేసును ఇక్కడ గుర్తు చేయడానికి కారణం ఒక్క సంస్థను తప్పుపట్టడం కాదు. ఆ ఆరోపణల పట్టికే ఒక చెక్‌లిస్టు. ఎడిటర్లు నిజంగా ఉన్నారా? రివ్యూ నిజంగా జరుగుతోందా? ఫీజు ముందే చెప్పారా? ఇండెక్సింగ్ నిజమేనా? కోర్టు అడిగిన ప్రశ్నలే దొర్నిపాడు నుంచి వచ్చిన విద్యార్థి కూడా అడగొచ్చు. దానికి లాయర్ అక్కర్లేదు, చేతిలో ఫోన్ ఉంటే చాలు.

వల ఎలా వేస్తారు?

మొదట మెయిల్ వస్తుంది. ఇంకా పీహెచ్‌డీ రాని విద్యార్థిని కూడా "గౌరవనీయులైన డాక్టర్ గారూ" అని సంబోధిస్తుంది. మీ కృషి అద్భుతం, మా ప్రతిష్ఠాత్మక అంతర్జాతీయ జర్నల్‌కు మీ వ్యాసం పంపండి అంటుంది. కింద చూస్తే జర్నల్ పేరు ఏదో వైద్యానికి సంబంధించింది. విద్యార్థిదేమో తెలుగు సాహిత్యం.

రెండోది వేగం. మూడు రోజుల్లో అంగీకారం, వారంలో ప్రచురణ, వెంటనే సర్టిఫికెట్. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడిలో పప్పుశనగ మీద ఒక ప్రయోగం నమ్మకంగా చేయాలంటే కనీసం రెండు రబీ సీజన్లు కావాలి. రెండేళ్లు తీసిన డేటాను రెండు రోజుల్లో పరీక్షించడం ఎవరి వల్ల అవుతుంది? మంచి జర్నళ్లలో రివ్యూకు వారాలు, నెలలు పడుతుంది. "రెండో పట్టికలో లెక్క తప్పింది, మళ్లీ చూడండి" అని తిరిగి వస్తుంది. ఆ తిప్పి పంపడమే జర్నల్ చేసే అసలు పని.

మూడోది గ్యారంటీ. "స్కోపస్ పబ్లికేషన్ గ్యారంటీ, 15 రోజుల్లో" అంటూ వాట్సాప్, టెలిగ్రామ్‌లో ఏజెంట్లు తిరుగుతుంటారు. నిజంగా రివ్యూ చేసే ఏ జర్నలూ అచ్చేస్తామని ముందే మాట ఇవ్వదు. మాట ఇచ్చారంటే రివ్యూ లేదని అర్థం. లేదా పేపర్‌ను, అందులో రచయిత పేరుకు చోటును అమ్ముతున్నారని అర్థం.

నాలుగోది తొందర. "ఈ సంచికకు రేపే ఆఖరు, ఇప్పుడే ఫోన్‌పే చేస్తే డిస్కౌంట్." చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే జారిపోతారు.

పట్టుబడ్డ తీరు చూస్తే..

ఇది ఎంత పెద్ద వ్యాపారమో చెప్పే పరీక్షలు కొన్ని జరిగాయి. 2013లో 'సైన్స్' పత్రిక కోసం జాన్ బొహానన్ అనే జర్నలిస్టు తప్పుల తడకగా ఒక ఉత్తుత్తి మందు పేపర్ తయారు చేశారు. లేని రచయితల పేర్లతో, ఫీజు తీసుకునే 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపారు. 157 జర్నళ్లు అంగీకరించాయి, 98 మాత్రమే తిరస్కరించాయి. భారత్ కేంద్రంగా ఉన్నవాటిలో 64 ఒప్పుకుంటే, వద్దన్నవి 15.

పోలండ్ పరిశోధకులు ఇంకో పని చేశారు. పోలిష్ భాషలో 'మోసగాడు' అనే అర్థం వచ్చే ఇంటిపేరుతో లేని శాస్త్రవేత్తను సృష్టించి, ఎడిటర్‌గా తీసుకోమని 360 జర్నళ్లకు దరఖాస్తు పెట్టారు. 48 జర్నళ్లు తీసుకున్నాయి. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. బీల్ నకిలీ జాబితా నుంచి ఎంచుకున్న 120 జర్నళ్లలో 40, డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ డైరెక్టరీలోని 120లో 8 ఒప్పుకున్నాయి. అధికారిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న 120లో ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. 2017లో 'నేచర్' ప్రచురించిన ఈ లెక్క చెప్పేది ఇదే.. నిజమైన ఇండెక్సు జల్లెడలా పనిచేస్తుంది. కానీ ప్రతి జల్లెడ కన్ను ఒకే సైజు ఉండదు.

పెద్ద పేరున్న చోట కూడా పొరపాట్లు జరుగుతాయి. అమెరికాకు చెందిన వైలీ కొనుక్కున్న హిందావీ జర్నళ్లలో ముఠాలు రివ్యూనే హైజాక్ చేశాయి. ఒక్క 2023లోనే 8 వేలకు పైగా పేపర్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కాబట్టి పేరు చూసి ఆగిపోకూడదు. లోపల ఏముందో కూడా చూడాలి.

తెలిసీ ఎందుకు పంపుతున్నారు?

అందరూ మోసపోయి పంపుతున్నారనుకుంటే పొరపాటే. కొందరికి అది నకిలీ అని తెలుసు. గడువు దగ్గర పడింది, ఫెలోషిప్ ఆగిపోయింది, ఇంటర్వ్యూలో పేపర్ల సంఖ్యే చూస్తున్నారు. అలాంటప్పుడు రెండు మూడు వేలకు పని అయిపోతుందంటే ఆశ పుడుతుంది. ఫిన్‌లాండ్ పరిశోధకులు 2015లో వేసిన అంచనా ప్రకారం ఇలాంటి జర్నళ్లలో వ్యాసాలు 2010లో 53 వేలు ఉంటే, 2014కు సుమారు 4 లక్షల 20 వేలకు చేరాయి. రచయితల్లో నాలుగింట మూడొంతుల మంది ఆసియా, ఆఫ్రికా వాళ్లే.

2022 నవంబర్‌లో యూజీసీ ఒక మంచి మార్పు చేసింది. పీహెచ్‌డీకి పేపర్ ప్రచురణ తప్పనిసరి అనే నిబంధన తీసేసింది. కానీ చాలా విశ్వవిద్యాలయాలు తమ సొంత నిబంధనల్లో దాన్ని కొనసాగిస్తున్నాయి. కొలువుల దగ్గర పేపర్ల లెక్క ఎలాగూ ఉంది. అంటే ఒత్తిడి అలాగే ఉంది, అడ్డంగా ఉన్న లిస్టు మాత్రం పోయింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

డబ్బు కట్టే ముందు ఈ ఏడు చూడాలి

1. తెలిసిన జర్నలేనా? పరిశోధన కోసం చదివిన మంచి వ్యాసాల చివర ఉన్న రిఫరెన్సులు తీసి చూడాలి. అక్కడ పదే పదే కనిపించే జర్నళ్లే మొదటి జాబితా. తమ సబ్జెక్టులో ఎవరూ ఎప్పుడూ ఉటంకించని జర్నల్ అంటే అనుమానించాల్సిందే.

2. పాత సంచికలు చదవాలి. మూడు నాలుగు వ్యాసాలు తెరిస్తే చాలు. ఒకే సంచికలో పత్తి తెగుళ్లు, బ్యాంకింగ్, యోగా, కంప్యూటర్ నెట్‌వర్క్ అన్నీ కలిసి ఉన్నాయా? భాష నిండా తప్పులా? అయితే అక్కడ ఎవరూ చదవడం లేదు.

3. ఎడిటర్లకు మెయిల్ పెట్టాలి. బోర్డులో ఉన్న ఒకరిద్దరి పేర్లు వాళ్లు పనిచేసే సంస్థ వెబ్‌సైట్‌లో వెతకాలి. అక్కడున్న మెయిల్‌కే రాసి "ఈ జర్నల్‌లో మీరున్నారా" అని మర్యాదగా అడగాలి. చాలామంది జవాబిస్తారు. తమ పేరు వాడుకున్నారని అప్పుడే తెలిసే ప్రొఫెసర్లు కూడా ఉంటారు.

4. ఇండెక్సింగ్‌ను జర్నల్ వెబ్‌సైట్‌లో కాదు, ఇండెక్సు వెబ్‌సైట్‌లో చూడాలి. స్కోపస్ జర్నళ్ల జాబితా ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఒకప్పుడు ఉండి తర్వాత తీసేసినవి కూడా అందులో తెలుస్తాయి. వెబ్ ఆఫ్ సైన్స్ మాస్టర్ లిస్టు, డీఓఏజే కూడా అంతే. డీఓఏజే 2016లో తన ప్రమాణాలకు తగని సుమారు 3,300 జర్నళ్లను ఒకేసారి తొలగించింది. కాబట్టి పోయినేడాది స్క్రీన్‌షాట్ చూపిస్తే సరిపోదు, పంపే రోజున చూడాలి. గూగుల్ స్కాలర్‌లో కనిపించడం మాత్రం ముద్ర కాదు. అది మంచీ చెడూ తేడా లేకుండా అన్నింటినీ చూపిస్తుంది.

5. నంబర్లకు పడిపోవద్దు. ఐఎస్‌ఎస్‌ఎన్ అనేది పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య మాత్రమే, బండికి నంబర్ ప్లేట్ లాంటిది. బండి కండిషన్‌లో ఉందని నంబర్ ప్లేట్ చెప్పదు. డీఓఐ కూడా అంతే. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే క్లారివేట్ సంస్థ ఏటా ఇచ్చేది. అదే మాటకు ముందు ఇంకేదో చేర్చి అంకెలు అమ్మే సంస్థలు బోలెడు. ఆ అంకె ఎవరిచ్చారో చూడాలి.

6. వెబ్ అడ్రస్ సరిచూడాలి. పాత, పేరున్న జర్నళ్ల పేరుతోనే క్లోన్ వెబ్‌సైట్లు ఉంటాయి. లోగో అదే, ఐఎస్‌ఎస్‌ఎన్ అదే, అడ్రస్‌లో మాత్రం ఒక అక్షరం తేడా. మెయిల్‌లో వచ్చిన లింకు నొక్కకుండా, ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్ నుంచో, స్కోపస్ నుంచో జర్నల్ వెబ్‌సైట్‌కు వెళ్లడం క్షేమం.

7. ఫీజు ఎంత, ఎప్పుడు, దేనికి? పేపర్ పంపక ముందే వెబ్‌సైట్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. వెనక్కి తీసుకుంటే ఏం చేస్తారో కూడా ఉండాలి. ఫీజు ఎవరో వ్యక్తి ఫోన్ నంబర్‌కు పంపమంటే అక్కడితో ఆగిపోవాలి.

వ్యవసాయ పరిశోధకులకు ఇంకో ఆధారం ఉంది. జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఏటా జర్నళ్లకు 20 పాయింట్ల వరకు రేటింగ్ ఇస్తుంది. నాస్ రేటింగ్ అంటే వ్యవసాయ కాలేజీల్లో తెలియనివాళ్లుండరు. బాపట్ల నుంచి వచ్చే 'ఆంధ్రా అగ్రికల్చరల్ జర్నల్', ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం సొంత జర్నల్ లాంటి మన ప్రాంతపు పత్రికలూ ఉన్నాయి. ఏ జర్నల్‌కైనా ఈ ఏడాది రేటింగ్ ఎంతో అకాడమీ జాబితాలోనే చూసుకోవాలి, జర్నల్ కవర్ మీద కాదు.

ఈ ఏడింటిలో ఒకటి తేడా వచ్చినంత మాత్రాన జర్నల్ నకిలీ అయిపోదు. కొత్తగా నిజాయితీగా నడిపే చిన్న జర్నళ్లు, తెలుగులో వచ్చే పరిశోధన పత్రికలు పెద్ద ఇండెక్సుల్లో ఉండకపోవచ్చు. వాటి విషయంలో 2, 3 పాయింట్లే అసలు పరీక్ష. లోపల సరుకు బాగుందా? వెనక నిజమైన మనుషులు ఉన్నారా?

ఫీజు అడిగితే మోసమేనా?

కాదు. ఇది చాలామందికి ఉన్న అపోహ. ఎవరైనా ఉచితంగా చదివేలా వ్యాసాలు పెట్టే ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు ఖర్చును రచయిత దగ్గర తీసుకుంటాయి. ప్రపంచంలో గొప్ప జర్నళ్లలో కొన్ని వేల డాలర్లు వసూలు చేస్తాయి. ఇంకో పక్క రెండు వేలు మాత్రమే తీసుకునే నకిలీలూ ఉన్నాయి. రేటును బట్టి నిజం తేలదు.

అయితే గ్రామీణ విద్యార్థి తెలుసుకోవాల్సింది ఒకటుంది. మంచి జర్నల్‌లో పేపర్ వేయడానికి డబ్బు కట్టి తీరాలనే రూలేమీ లేదు. చందాలతో నడిచే జర్నళ్లు మామూలుగా రచయిత నుంచి ఫీజు తీసుకోవు. సొసైటీలు, అకాడమీలు నడిపే జర్నళ్లలో రచయితకూ పాఠకుడికీ ఇద్దరికీ ఉచితమైనవీ ఉన్నాయి. సీవీ రామన్ 1934లో బెంగళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ దశాబ్దాలుగా జర్నళ్లు నడుపుతోంది. ముందు ఇలాంటివి వెతకాలి. డబ్బు కట్టడం చివరి దారి.

చదవడానికి కూడా ఇప్పుడు వెసులుబాటు పెరిగింది. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్ర కేబినెట్ 2024 నవంబర్‌లో రూ.6 వేల కోట్లు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల సుమారు 13 వేల జర్నళ్లు 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలకు అందించడం దీని ఉద్దేశం. ప్రభుత్వ కాలేజీలో, విశ్వవిద్యాలయంలో ఉన్న విద్యార్థి ముందు లైబ్రరీలో దీని లాగిన్ ఎలాగో అడగాలి. మంచి జర్నల్ ఎలా ఉంటుందో కళ్లతో చూసినవాళ్లకు నకిలీని పట్టడం ఈజీ.

ఒకసారి అచ్చయితే..

నకిలీ జర్నల్‌లో పేపర్ వేశాక పోయేది ఫీజు ఒక్కటే అనుకుంటే తప్పు. ఫీజు అన్నింటికంటే చిన్న నష్టం. అదే డేటాతో ఇంకో జర్నల్‌కు వెళ్లడానికి ఉండదు, ఒకసారి అచ్చయిన వ్యాసాన్ని మళ్లీ పంపడం నైతిక తప్పు కిందకు వస్తుంది. వెనక్కి ఇమ్మంటే జవాబు రాదు, లేదా దానికీ డబ్బు అడుగుతారు. రేపు అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో ఆ పేరు బయోడేటాలో కనిపిస్తే ప్యానెల్‌లో ఒకరైనా ప్రశ్నిస్తారు. మూడు నాలుగేళ్ల చెమట అలా ఎవరూ నమ్మని చోట ఉండిపోతుంది.

ఇంకా ఫీజు కట్టకపోతే మాత్రం దారి ఉంది. అనుమానం వచ్చిన వెంటనే పేపర్ వెనక్కి తీసుకుంటున్నట్టు మెయిల్‌లో రాసి, కాపీ గైడ్‌కు పెట్టాలి. కాపీరైట్ పత్రం మీద సంతకం చేయకూడదు. బెదిరింపు మెయిళ్లు వస్తే భయపడి డబ్బు కట్టకుండా, విశ్వవిద్యాలయం రీసెర్చ్ విభాగానికి చెప్పాలి.

పప్పుశనగ రైతుకు దీంతో పనేంటి?

నంద్యాలలో వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నుంచి ఉంది. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ-47 పప్పుశనగ రకం అక్కడ తయారైందే. ఒక రకం రైతు చేతికి రావాలంటే ఎన్నో చోట్ల, ఏళ్ల తరబడి పరీక్షలు దాటాలి. ఎక్కడో ఒకచోట నిలబడకపోతే ఆపేస్తారు. పరిశోధన పేపర్‌కు పీర్ రివ్యూ కూడా అలాంటి పరీక్షే.

ఆ పరీక్ష లేకుండా "ఫలానా మందు కొడితే పంట ఇంత పెరిగింది" అని అచ్చయితే ఏమవుతుంది? మందుల కంపెనీ కరపత్రంలో అది "అంతర్జాతీయ జర్నల్‌లో నిరూపితం" అయిపోతుంది. యూట్యూబ్ వీడియోలోకి ఎక్కుతుంది. ఫోన్‌లో ఏఐని అడిగితే అది కూడా అక్కడి నుంచే తీసి చెప్పొచ్చు. చివరకు ఆ మందు కొనేది దొర్నిపాడు పొలంలోని రైతే. కల్తీ విత్తనానికి బిల్లు, లాట్ నంబర్ చూపించి అడిగే వీలుంది. కల్తీ పరిశోధన మీద నష్టపరిహారం ఎవరిని అడగాలి?

ఇప్పుడు ఎవరు ఏం చేయాలి?

లిస్టు ఎత్తేయడాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. 2018లో 4,305 పేర్లు రాలిపోయిన తీరు చూశాక, ఢిల్లీలో ఒక్కచోట కూర్చుని ప్రపంచంలోని జర్నళ్లన్నీ తూకం వేయడం కుదరదని ఎవరికైనా అర్థమవుతుంది. కానీ బాధ్యతను కిందికి దించినప్పుడు దాన్ని మోసే ఏర్పాటు కూడా కింద ఉండాలి. ఆ ఏర్పాటు లేని విశ్వవిద్యాలయంలో బాధ్యత మొత్తం 25 ఏళ్ల విద్యార్థి నెత్తిన పడుతుంది.

చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. ప్రతి డిపార్ట్‌మెంట్ తమ సబ్జెక్టులో నమ్మదగిన 20, 30 జర్నళ్ల పేర్లు రాసి, ఏటా సరిచూసి వెబ్‌సైట్‌లో పెట్టాలి. పేపర్ పంపే ముందు జర్నల్‌ను తానూ చూశానని గైడ్ సంతకం పెట్టాలి. పీహెచ్‌డీ కోర్సు వర్క్‌లో ఒక పూట నకిలీ జర్నల్ వెబ్‌సైట్ తెరిచి, తప్పులు ఎలా పట్టాలో చూపించాలి. ఇంటర్వ్యూ బోర్డులు పేపర్లు లెక్కపెట్టడం మానేసి, ఒక్క పేపర్ తీసి "ఇందులో మీరు కనిపెట్టింది ఏంటి" అని అడగాలి. ఆ ప్రశ్న మొదలైన రోజు సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టాల్సిన అవసరమే తగ్గిపోతుంది.

అప్పటిదాకా పరిశోధకులు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. పేపర్ పంపడానికి ఒక రోజు ఆలస్యమైనా ఫర్వాలేదు. ఆ ఒక్క రోజు జర్నల్‌ను పరీక్షించడానికి వాడితే, మూడేళ్ల పని నలుగురూ నమ్మే చోట నిలబడుతుంది.